"ఏ పూట కొడతారమ్మా?" అని అడిగే పుదుపేట రంగుల కొట్టు

మా నాన్న మారుతి 800 బానెట్‌కు నేను మూడుసార్లు రంగు కొట్టాను. రెండుసార్లు గీకేశాను. మూడోసారి వేసింది నిలిచింది. నిలిచినదాంట్లో సగం పుణ్యం మద్రాసు పుదుపేటలోని ఒక రంగుల కొట్టుది, అందుకే ఇది రాస్తున్నాను. కొట్టు పేరు మాత్రం అడక్కండి. బోర్డు మీద అక్షరాలు సగం పెచ్చులూడి రాలిపోయాయి, బిల్లు మీది రబ్బరు స్టాంపు అంతకన్నా అలుక్కుపోయి ఉంటుంది. ఊరందరి బండ్లకూ రంగులిచ్చేవాడి బోర్డుకు ఆ గతేమిటో! ఎగ్మోర్ స్టేషన్ నుంచి నడిచే వెళ్ళొచ్చు. పాత బండ్ల తలుపులు, డిక్కీలు, సైలెన్సర్లు గోడల్లా పేర్చిన సందుల్లోకి పోయి, రంగును పల్చన చేసే థిన్నర్ వాసన ఎటునుంచి వస్తే అటు తిరగడమే.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. మాది నెల్లూరు. పద్దెనిమిదేళ్ళుగా పెరంబూరులో కాపురం, ప్లస్ టూ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతాను. నాన్న పోయాక ఆయన కారు అమ్మబుద్ధి కాక ఇక్కడికి తెచ్చుకున్నాం. 2003 మోడల్, ఎర్రది. ఎండకు బానెట్ మీద రంగు వెలిసి గులాబీలోకి దిగింది, అక్కడక్కడా పొట్టు లేచింది. షెడ్డువాళ్ళు చెప్పిన రేటు వింటే, ఆ డబ్బుకు ఇంకో పాత కారే వచ్చేట్టుంది. చిన్న కంప్రెసర్, 1.4 మిల్లీమీటర్ల నాజిల్ ఉన్న స్ప్రే గన్ను కొనుక్కుని నేనే మొదలుపెట్టాను. కెమిస్ట్రీ టీచర్‌కు థిన్నర్ గురించి ఇంకొకరు చెప్పాలా అన్న ధీమా కూడా ఉండింది లెండి.

మొదటిసారి నవంబరులో. రెండు రోజులు కురిసి వాన తెరిపిచ్చిన సాయంత్రం. ఎన్‌సి రంగు, ఎన్‌సి థిన్నర్ తెచ్చి కొట్టాను. ఎన్‌సి అంటే నైట్రోసెల్యులోజ్ లాకర్ (lacquer) రకం రంగు. మా నాన్న తరం దీన్నే డ్యూకో అనేది. అది అసలు డ్యూపాంట్ కంపెనీ 1923లో అమెరికాలో తెచ్చిన రంగు పేరు. అంతకుముందు కారు రంగు ఆరడానికి రోజులు, వారాలు పట్టేది. ఇది గంటల్లో ఆరేసరికి పేరు దేశాలు దాటింది. మా నెల్లూరు షెడ్ల బోర్డుల మీద ఇప్పటికీ "డ్యూకో పెయింటింగ్" అనే కనబడుతుంది, లోపల కొట్టేది ఏదైనా సరే. ఇంతకీ నా డ్యూకో ఏమైందంటే, అయిదు నిమిషాల్లో ఎర్రటి బానెట్ మీద పల్చగా పాలు ఒలికినట్టు తెల్లబారింది. దుమ్మనుకుని తుడిచాను. వేళ్ళ గుర్తులు పడ్డాయి గానీ తెలుపు పోలేదు.

రెండోసారి ఫిబ్రవరి. ఈసారి మంచి సరుకు వాడదామని టూకే పి.యు. రంగు, దాన్ని గట్టిపరిచే హార్డెనర్ తెప్పించాను. పి.యు. అంటే పాలియూరిథేన్, టూకే అంటే ఆ రెండు డబ్బాలూ కలిపి కొట్టే రకం. పాత ఎన్‌సి పొరను రేకు కనబడేదాకా గీకి, ప్రైమర్ వేసి సిద్ధం చేశాను. థిన్నర్ దగ్గరికొచ్చేసరికి, నవంబరులో మిగిలింది మూలన మూడు లీటర్లుంది కదా, థిన్నర్ థిన్నరే అని అదే కలిపేశాను. ఇది పూర్తిగా నా తెలివే, ఎవరినీ అనడానికి లేదు. కొట్టిన రోజు అద్దంలా మెరిసింది. ఫొటో తీసి బెంగళూరులో ఉన్న తమ్ముడికి పంపాను కూడా. వారం తర్వాత చూస్తే గోరు నొక్కినచోట గుంట పడుతోంది. మెరుపు చచ్చింది. కారుకు కవరు కప్పితే, మర్నాడు తీసేసరికి ఆ బట్ట నేత మొత్తం బానెట్ మీద అచ్చుపడింది. పడుగూ పేకా లెక్కపెట్టుకోవచ్చు.

అట్లా మే మొదటివారంలో పుదుపేట చేరాను.

కొట్టు ఎనిమిది అడుగుల వెడల్పు ఉంటే ఎక్కువ. ఒకపక్క రంగులు తూచి కలిపే కాటా, జిడ్డుపట్టిన షేడ్ పుస్తకాలు. ఇంకోపక్క నేల నుంచి కప్పుదాకా డబ్బాలు. కౌంటరు వెనక పెద్దాయనకు అరవై దాటుంటాయి. నేను తమిళంలో అడిగితే నా యాస పట్టేసి తెలుగులోకి దిగాడు. మూడు తరాల మద్రాసు తెలుగు ఆయనది. "వచ్చినారు, పోయినారు" అని సాగే ఆ మాట నాకు భలే ఇష్టం.

"అన్నా, పి.యు. థిన్నర్ ఒక లీటరు ఇవ్వండి" అన్నాను. డబ్బా తీస్తాడనుకుంటే స్టూలు చూపించాడు.

"రంగు డబ్బా తెచ్చినారా?"

తెచ్చాను. కళ్ళద్దాలు పైకి నెట్టి వెనకవైపు చిన్న అక్షరాలన్నీ చదివాడు. హార్డెనర్ డబ్బా కూడా అడిగి చదివాడు.

"ఎంత ముక్క? సైడు అద్దం గిన్నెనా, తలుపా, పై కప్పా?"

"బానెట్."

"యాడ కొడతారు? ఏ పూట కొడతారమ్మా?"

"మెట్ల కింద షెడ్డులో అన్నా. ఏ పూటంటే... ఆదివారం మధ్యాహ్నం తీరిక దొరుకుతుంది."

"మధ్యాహ్నం కొడితే నేను ఏ థిన్నర్ ఇచ్చినా వచ్చే ఆదివారం మళ్ళీ వస్తారు" అన్నాడు. నవ్వలేదు.

ఇక దాచడమెందుకని రెండు కథలూ చెప్పేశాను. నవంబరు కథ విని, "మీరేం పని చేస్తారు?" అనడిగాడు. చెప్పాను. "అయితే టీచరమ్మా, ఎండాకాలం మట్టికుండలో నీళ్ళు ఎందుకు చల్లబడతాయి?" అన్నాడు.

అక్కడ నా తల కొట్టేసినట్టయింది. బాష్పీభవనం జరిగేటప్పుడు ద్రవం తన చుట్టూ ఉన్న వేడిని లాక్కుంటుంది, అందుకే మిగిలింది చల్లబడుతుంది అని ఇన్నేళ్ళుగా నల్లబల్ల మీద కుండ బొమ్మ వేసి మరీ చెబుతున్నాను. ఎన్‌సి థిన్నర్లో ఎసిటోన్ లాంటివి ఉంటాయి. ఎసిటోన్ 56 డిగ్రీలకే మరిగే సరుకు, గాలి తగిలితే ఎగిరిపోతుంది. ఎగిరిపోతూ రంగుపొరను చల్లబరుస్తుంది. బయట వాన వెలిసిన చెమ్మగాలి. చల్లటి చెంబు మీద నీటిబొట్లు పట్టినట్టే తడి రంగు మీద చెమ్మ పట్టి లోపల ఇరుక్కుంది. ఆ తెలుపు అదే. పెయింటర్లు బ్లషింగ్ అంటారు. కుండ బొమ్మ నేను వేశాను, బానెట్ కూడా నేనే కొట్టాను. రెండూ కలిపి చూడాలని మాత్రం తోచలేదు.

"నిదానంగా ఎగిరే థిన్నర్ వేసుంటే, లేదా ఎగరడాన్ని నిదానించే రిటార్డర్ కొంచెం కలిపుంటే తప్పేది. అసలు ఆ రోజు కొట్టకుండా ఉంటే ఇంకా బాగుండేది" అన్నాడు.

ఫిబ్రవరి కథకు మాత్రం పగలబడి నవ్వాడు. "ఎన్‌సి థిన్నర్లో స్పిరిట్ కలిపుంటాడమ్మా. హార్డెనర్ వచ్చింది రంగును కట్టుకునేదానికి. మీరు మధ్యలో స్పిరిట్‌ను తెచ్చి పెట్టినారు. పెండ్లికొడుకు దానితో లేచిపోయినాడు."

ఈ ముక్కకు నా మాటల్లో వివరం ఇదీ. హార్డెనర్లో ఐసోసయనేట్లుంటాయి. అవి రంగులోని రెజిన్‌కు ఉన్న హైడ్రాక్సిల్ చేతులను పట్టుకుని వలలాగా అల్లుకుంటేనే పొర గట్టిపడుతుంది. స్పిరిట్ అంటే ఆల్కహాల్, దానికీ అదే హైడ్రాక్సిల్ చెయ్యి ఉంది. చిన్న అణువు కాబట్టి చురుగ్గా వచ్చి పట్టేసుకుంటుంది, అక్కడితో ఆ దారి మూసుకుపోయినట్టే. నీళ్ళున్నా అంతే. పైగా ఐసోసయనేట్, నీరు కలిస్తే కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది, పొరలో బుడగలు లేస్తాయి. పి.యు. థిన్నర్ అని వేరే డబ్బా అమ్మేది ఇందుకే. దాంట్లో ఆల్కహాల్ ఉండకూడదు, నీరు దాదాపు లేనట్టే ఉండాలి. సాధారణంగా జైలీన్, బ్యూటైల్ ఎసిటేట్ లాంటివి ఉంటాయి. నా బానెట్ మీద కవరు గుర్తు పడిందంటే పడదా మరి, అల్లుకోవాల్సిన వల అల్లుకోనే లేదు.

మేం మాట్లాడుతుండగా ఒక కుర్రాడు వచ్చి "థిన్నర్ అయిదు లీటర్లు, తక్కువలోది" అన్నాడు. పెద్దాయన తల ఎత్తకుండానే "కడిగేదానికా, కలిపేదానికా?" అని అడిగాడు. కడగడానికి అన్నాక ఎన్‌సి క్యాను తోశాడు. ఇంకో మనిషి టర్పెంటైన్ అడిగితే ఏ రంగుకని అడిగి, ఇంటి గేటుకు ఎనామెల్ అన్నాకే ఇచ్చాడు. టర్పెంటైన్ పి.యు.లో పోస్తే పాలు విరిగినట్టు విరుగుతుంది. ఎనామెల్ ఆరిన రేకు మీద ఎన్‌సి కొడితే కింది పొర ముడతలు పడి లేస్తుంది. ఆ రెండు తప్పులే ఇంకా నేను చేయనివి. అడిగినవాడికి అడిగింది చేతిలో పెట్టి పంపేస్తే ఆయనకు టైము కలిసొచ్చేదే. ఈ కొట్టుకు నేనిచ్చే మొదటి మార్కు ఆ ఒక్క ప్రశ్నకు.

ఇక పి.యు. థిన్నర్లోనే ఫాస్ట్, మీడియం, స్లో అని మూడు ఉన్నాయి. చలికి ఫాస్ట్, మామూలు వాతావరణానికి మీడియం, ఎండకు స్లో అని డబ్బాల మీదే ఉంటుంది. నా రంగు కంపెనీవాళ్ళ కాగితంలో 30 డిగ్రీలు దాటితే స్లో వాడమని ఉంది. పెద్దాయన దానికి ఇంకొకటి కలిపాడు: ముక్క ఎంత పెద్దదైతే అంత స్లో. బానెట్ ఈ చివర మొదలుపెట్టి ఆ చివరికి పోయేసరికి మొదటి వరస ఆరిపోకూడదు. ఆరితే రెండో వరస దాంట్లో కరగక పొడిపొడిగా కూర్చుంటుంది, చెయ్యి పెడితే గరుకు. బొట్లు చదునుకాకముందే బిగుసుకుపోతే నారింజ తొక్కలా గుంటలు పడతాయి. అద్దం గిన్నెంత ముక్కకైతే ఇదే మే నెలలో కూడా మీడియం సరిపోతుందన్నాడు.

మధ్యాహ్నం వద్దన్నదెందుకో కూడా అడిగాను. ఎండలో ఉన్న రేకు గాలికన్నా ఎంతో వేడెక్కుతుంది. చెయ్యి పెట్టలేని బానెట్ మనందరికీ తెలుసు. అంత వేడి రేకు మీద పైపొర ముందు తోలు కట్టేస్తుంది. కింది థిన్నర్ తర్వాత మరిగి దాన్ని చీల్చుకుని వస్తుంది, సూదిమొన బెజ్జాలు మిగులుతాయి. షెడ్డులో నీడన కొట్టినా ఇంకో చిక్కుంది. మద్రాసులో ఎండాకాలం మధ్యాహ్నమయ్యేసరికి సముద్రపు గాలి తిరుగుతుంది. ఒంటికి హాయే, రంగుకు మాత్రం చెమ్మా దుమ్మూ ఒకేసారి మోసుకొస్తుంది. "ఆరున్నర, ఏడుకు మొదలుపెట్టండి. తొమ్మిదికి గన్ను కడిగేయాల" అన్నాడు.

నేను కొన్నవి: స్లో పి.యు. థిన్నర్ లీటరు డబ్బా, 340 రూపాయలు. గన్ను కడగడానికి ఎన్‌సి థిన్నర్ రెండు లీటర్లు విడిగా, 280. రంగు ఎంత చిక్కగా ఉందో కొలిచే, అడుగున బెజ్జమున్న బి4 కప్పు ఒకటి. ఇవి కాక ఆయన బలవంతాన అమ్మింది ఇంకొకటుంది, కార్బన్ క్యాట్రిడ్జిలున్న మాస్కు. నా దగ్గర గుడ్డ మాస్కుందని అంటే, "నేను ముప్పై ఏండ్లు ముక్కుకు తువ్వాలు కట్టి కొట్టినానమ్మా" అని ఆగి, దగ్గాడు. కావాలని దగ్గాడో వచ్చి దగ్గాడో తెలియదు గానీ మారుమాట్లాడకుండా డబ్బులిచ్చాను. హార్డెనర్లోని ఐసోసయనేట్ తుంపర ఊపిరితిత్తుల్లోకి పోతే ఆస్తమా తెస్తుంది. దుమ్ము మాస్కు దాన్ని ఆపలేదు. నిజానికి ఈ రంగు కొట్టే ఎవరికైనా బయటినుంచి మంచి గాలి అందించే మాస్కు ఉండాలి, అది లేని నేను తలుపులన్నీ తీసిన షెడ్డులో ఈ మాస్కయినా పెట్టుకున్నాను.

ఇంటికొచ్చాక సరుకు పరీక్షించకుండా ఉంటానా. స్కూలు ల్యాబ్ నుంచి వడపోత కాగితాలు తెచ్చి, వంటింటికి దూరంగా, ఫ్యాను ఆపి, పక్కపక్కనే చెరో చుక్క వేశాను. ఎన్‌సి చుక్క చూస్తుండగానే మాయం. స్లో చుక్క అది పోయాక కూడా చాలాసేపు తడిగా కూర్చుంది. నేను కాఫీ కలుపుకుని వచ్చేసరికి కాగితం శుభ్రంగా ఉంది. ఈ శుభ్రంగా ఉండటమే చూడాల్సింది. కిరోసిన్ లాంటిది కలిపిన సరుకైతే కాగితం మీద జిడ్డు వలయం మిగిలిపోతుంది. రెండో పరీక్షకు కొలజాడీలో 50 మిల్లీలీటర్ల నీళ్ళు, 50 ఎన్‌సి థిన్నర్ పోసి కుదిపి నిలబెట్టాను. అడుగున నీటిపొర 50 దాటి పైకెక్కింది. అంటే థిన్నర్లోని ఆల్కహాల్, ఎసిటోన్ నీళ్ళలోకి దిగిపోయాయన్నమాట. అదే పని పి.యు. థిన్నర్‌తో చేస్తే గీత పెద్దగా కదల్లేదు. ఫిబ్రవరిలో ఈ పది నిమిషాల పని చేసుంటే బానెట్ గీకే రెండు ఆదివారాలు మిగిలేవి. ఈ సంవత్సరం పిల్లలకు ద్రావణీయత పాఠంలో ఇదే చూపిస్తున్నాను, చేసేది మాత్రం నా చేతుల్తోనే.

కొట్టే రోజు ఇంట్లో ఒక గొడవ. అప్పటికి కర్తరి వచ్చేసింది. తమిళులు కత్తిరి అంటారు, అగ్ని నక్షత్రమని కూడా అంటారు. "కర్తరిలో కొత్తపని మొదలుపెడతారా ఎవరైనా?" అని అమ్మ. ఇది కొత్తపని కాదమ్మా, మూడోసారి చేస్తున్న పాతపనేనని ఒప్పించాను. అమ్మ పూజ దీపం కొండెక్కేదాకా మాత్రం నేను డబ్బా మూత తియ్యలేదు. థిన్నర్ ఆవిరి గాలికన్నా బరువు, నేల బారున పాకుతూ పోయి ఎక్కడో ఉన్న మంటను అందుకుంటుంది. మెట్ల కింద షెడ్డుకూ మా పూజ గదికీ మధ్య ఒక్క గుమ్మమే.

ఆరూ నలభైకి షెడ్డులో 29 డిగ్రీలు. కంప్రెసర్ ట్యాంకు కింద ప్లగ్గు విప్పితే గుక్కెడు నీళ్ళు కారాయి. ఇది కూడా పెద్దాయన చెప్పిందే, "సగం మంది థిన్నర్‌ను తిడతారు, నీళ్ళు ట్యాంకులో పెట్టుకుని" అని. నా డబ్బా లెక్క రెండు పాళ్ళ రంగుకు ఒక పాలు హార్డెనర్. దానికి థిన్నర్ పది శాతంతో మొదలుపెట్టి, బి4 కప్పులో పోసి ఫోన్లో టైము చూసుకుంటూ, ధార తెగేసరికి 18 సెకన్లు వచ్చేదాకా కొంచెం కొంచెం కలిపాను. చివరికి పదిహేను శాతం దగ్గర కుదిరింది. కంటితో చూసి "మజ్జిగలా ఉంది, చాలు" అనుకునే అలవాటు ఉన్నవాళ్ళు ఒకసారి కప్పు వాడి చూడండి. నేను మజ్జిగ అనుకున్నది కప్పులో పోస్తే 26 సెకన్లుంది.

మొదట పల్చగా తుంపరలా ఒక పొర, పది నిమిషాలు ఆగి నిండుగా ఒక పొర, ఇంకో పది నిమిషాలాగి ఇంకో పొర. జానెడు దూరం. తేడా మొదటి వరసకే తెలిసింది. పడిన రంగు వెంటనే బిగుసుకోకుండా, బొట్టూ బొట్టూ కలిసి, మన కళ్ళ ముందే నున్నగా సర్దుకుంటుంది. ట్యూబులైటు ఆకారం బానెట్లో వంకర లేకుండా కనబడింది. తెల్లబారలేదు. నాలుగో రోజు గోరు నొక్కి చూశాను, పదో రోజు ధైర్యం చేసి కవరు కప్పాను, ఏ గుర్తూ లేదు.

అంతా బాగుందని అబద్ధం చెప్పను. కుడివైపు హెడ్‌లైటు దగ్గర జానెడు మేర నారింజ తొక్క ఉంది. మూడో పొర కొట్టేసరికి ఎనిమిదిన్నర దాటింది, ఆ మూలకు షెడ్డు కంతలోంచి ఎండ పడుతోంది. పైగా గిన్నెలో కలిపిన రంగు అప్పటికే చిక్కబడటం మొదలైంది. ఇంకాస్త థిన్నర్ పోద్దామని చెయ్యి పోయింది గానీ ఆపుకున్నాను. హార్డెనర్ పని మొదలుపెట్టాక థిన్నర్ పోస్తే పల్చబడినట్టు కనిపిస్తుందంతే, అల్లుకున్నది విడిపోదు. ఆ మూలను సన్న గరుకుండే 2000 నంబరు వాటర్ పేపర్‌తో రుద్ది పాలిష్ కాంపౌండ్ పట్టించాను. తెలిసినవాళ్ళకు ఇప్పటికీ కనిపిస్తుంది.

ఇప్పుడు తమ్ముడి కథ. నా బానెట్ చూసి వాడికి హుషారెక్కి, ఆగస్టులో వచ్చినప్పుడు మిగిలిన స్లో థిన్నర్ బెంగళూరు పట్టుకుపోయాడు. అక్కడ వాన వెలిసిన ఒక సాయంత్రం ఏడింటికి వాడి బైకు ట్యాంకుకు కొట్టాడు. రాత్రి ఫోను: "అక్కా, నీ డబ్బా కల్తీ. రంగు కన్నీళ్ళలాగా కారిపోతోంది." బెంగళూరు సముద్రమట్టానికి తొమ్మిది వందల మీటర్ల ఎత్తున ఉంది, ఆ పూట అక్కడ 21 డిగ్రీలు. నా బానెట్ మీద సర్దుకోవడానికి టైమిచ్చిన థిన్నరే అక్కడ ఎగరకుండా కూర్చుని రంగును జారనిచ్చింది. చిన్న ట్యాంకు, చల్లటి సాయంత్రం, మీడియం సరిపోయేది. మర్నాటికీ జిగురుగానే ఉందట. ఆ డబ్బాకు కాగితం పరీక్ష పెట్టానురా, కల్తీ నీ టైమింగులో ఉంది అన్నాను. ఇంకా ఒప్పుకోలేదు. మన ఊరి పెద్దమనిషి ఫలానా థిన్నర్ బ్రహ్మాండం అన్నాడని ఇంకో ఊళ్ళో డబ్బా కొనేవాళ్ళకు మా తమ్ముడి ట్యాంకు ఫొటో పంపగలను.

కొట్టు మీద ఫిర్యాదులు లేవా అంటే ఉన్నాయి. అన్నిటికన్నా పెద్దది విడి థిన్నర్. క్యాను తెచ్చుకోకపోతే పాత మంచినీళ్ళ సీసాల్లో పోసి ఇచ్చేస్తారు. పేరు లేదు, గుర్తు లేదు, బొమ్మ లేదు. నేను తెచ్చిన రెండు లీటర్ల ఎన్‌సి అట్లాంటి రెండు సీసాల్లోనే వచ్చింది, నేనూ బుద్ధిలేకుండా ఫ్రిజ్ పక్కన పెట్టాను. అమ్మ నీళ్ళనుకుని మూత తీసింది. వాసన కాపాడింది. మర్నాడే వెళ్ళి ఆయన్ను గట్టిగానే అడిగాను. "ఇకమీద రాసి ఇస్తాలెమ్మా" అన్నాడు. తర్వాత వెళ్ళినప్పుడు చూస్తే ఒక సీసాకు మార్కరుతో రాసుంది, పక్కదానికి లేదు. రంగు ఎంత తెలిసినవాడైనా ఈ విషయంలో నేను మార్కులు వెయ్యను. మీరు వెళ్తే సీలు డబ్బా కొనండి, లేదా రేకు క్యాను మీరే పట్టుకుపోండి.

చిన్నవి కొన్ని. బిల్లు మూడుసార్లు అడిగితే గానీ రాదు. ఒంటిగంట నుంచి మూడింటిదాకా భోజనం, ఆ టైములో సగం దించిన షట్టరు ముందు నిలబడి పిలిస్తే లోపల్నుంచి పలుకుతారు గానీ బయటికి రారు. కారు పెట్టడానికి చోటు వెతకొద్దు, స్కూటరు పెట్టడమే గగనం. మెటాలిక్ రంగుల విషయంలో ఆయన సలహా నేను వాడి చూడలేదు. వెండి రంగుకు మరీ స్లో వేస్తే రంగులోని లోహపు పొడి రేణువులు తడిలో తేలాడి మబ్బుల్లా గుంపులు కడతాయని మాత్రం మా కింది వాటావాళ్ళ కారు తలుపు చూసి నాకూ తెలుసు. అయిదుకు నాలుగు నక్షత్రాలిస్తున్నాను. పోయిన ఆ ఒక్కటి సీసాల కింద పోయింది.

మొన్న అక్టోబరు చివర్లో మళ్ళీ వెళ్ళాను. డ్రైవరు వైపు తలుపుకు కొట్టాలి. సెలవులు, ప్రైమర్ వేసి రుద్ది పెట్టుకున్నాను, చేతిలో డబ్బులు పట్టుకుని మరీ నిలబడ్డాను. పెద్దాయన కౌంటరు దాటి వీధిలోకొచ్చి, కూవం నది వైపు మబ్బు చూశాడు. నా రంగు డబ్బా నా చేతిలోనే పెట్టాడు.

"రిటార్డర్ వేసైనా కొట్టుకుంటానన్నా" అన్నాను.

"మీడియం ఇస్తే తెల్లబారుతాది, స్లో ఇస్తే పొద్దుగూకేదాకా ఆరదు. దోమలన్నీ దాని మీదనే" అన్నాడు. "వాన పోయినాక రండి, థిన్నర్ యాడికీ పోదు."

రెండు లీటర్ల అమ్మకం వదులుకుని టీ మాత్రం తాగించాడు. తలుపు ఇంకా బూడిదరంగు ప్రైమర్లోనే ఉంది. ఎర్ర కారుకు బూడిద తలుపేసుకుని రోజూ స్కూలుకు పోతున్నాను.